క్లౌడ్ భద్రతా సలహాదారు వృత్తి: కోలారు జిల్లా, కేజీఎఫ్

వ్యాపార సంస్థలు తమ లెక్కలను, ఖాతాదారుల వివరాలను, రోజూ వాడే సాఫ్ట్‌వేరును అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటి కంపెనీల దగ్గర అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది. ఆ ఏర్పాటులో కన్నం ఎక్కడుందో వెతికి, దాన్ని పూడ్చే దారి చూపేవారిని క్లౌడ్ భద్రతా సలహాదారులు అంటారు. వీరు ఆ సంస్థలో ఉద్యోగులు కారు. ఒప్పందం మీద కొన్ని వారాలకో నెలలకో వచ్చి, పరిశీలించి, నివేదిక ఇచ్చి, అవసరమైతే దగ్గరుండి సరిచేయించి వెళ్తారు. దక్షిణాదిలో ఈ వృత్తికి బెంగళూరు, హైదరాబాదు పెద్ద కేంద్రాలు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులను ఆనుకుని, బెంగళూరుకు తూర్పున ఉన్న కోలారు జిల్లాకు ఈ వృత్తితో రెండు విధాల సంబంధం ఉంది. ఒకటి, ఇక్కడి చదువుకున్న పిల్లలు ఉపాధి కోసం బెంగళూరు ఐటీ కంపెనీల బాట పట్టడం. రెండోది, ఇక్కడి కర్మాగారాలు, సహకార బ్యాంకులు, ఆస్పత్రులు, టమాటా మండీలు తమకు తెలిసో తెలియకో క్లౌడ్ మీద ఆధారపడిపోవడం. మొదటి సంబంధం గురించి అందరికీ తెలుసు. రెండోదాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

కరెంటు నుంచి క్లౌడ్ దాకా

కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లలో ఆధునిక పద్ధతిలో తవ్వకం మొదలుపెట్టింది. తొలి రెండు దశాబ్దాలు యంత్రాలు ఆవిరితో నడిచాయి. 1902 జూన్‌లో, కావేరి మీద శివనసముద్రం దగ్గర మైసూరు ప్రభుత్వం కట్టిన జలవిద్యుత్ కేంద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను వేసి గనులకు కరెంటు తెచ్చారు. గని కంపెనీ తన శక్తిని తానే పుట్టించుకోవడం మాని, ఎక్కడో దూరాన తయారైనదాన్ని ఒప్పందం మీద కొనుక్కోవడం అప్పటికి ఈ దేశంలో కొత్త సంగతి. కరెంటు ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. ఆ కరెంటుతో మనుషులను భూగర్భంలోకి దించే యంత్రాన్ని జాగ్రత్తగా నడిపే బాధ్యత కంపెనీది. ఈ రెండు బాధ్యతల మధ్య గీత ఎక్కడుందో ఒప్పందం రాసేవారికి తెలియాలి.

క్లౌడ్ కూడా ఇదే తరహా ఏర్పాటు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అడిగినప్పుడు దొరకడం, నెట్‌వర్కు ద్వారా అందడం, నలుగురికీ ఉమ్మడిగా ఉండడం, అవసరాన్ని బట్టి పెరిగి తగ్గడం, వాడకాన్ని కొలిచి లెక్కకట్టడం క్లౌడ్ లక్షణాలు. అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 అనే నిల్వ సేవను, అదే ఏడాది ఆగస్టులో ఈసీ2 అనే అద్దె కంప్యూటర్ సేవను తెచ్చింది. భారత్‌లో మైక్రోసాఫ్ట్ 2015లో, అమెజాన్ 2016లో ముంబైలో, గూగుల్ 2017లో డేటా కేంద్రాలు తెరిచాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో రెండో కేంద్రం పెట్టింది. దేశంలోనే డేటా ఉంచుకునే వీలు కలిగాక బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు కూడా ఇటు మళ్లాయి.

ఇక్కడా గీత ఉంది. భవనం, కరెంటు, యంత్రాలు, వాటి మీద నడిచే మూల సాఫ్ట్‌వేరు భద్రత క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. ఎవరికి ఏ తాళం ఇవ్వాలి, ఏ తలుపు బయటికి తెరిచి ఉండాలి, ఏ ఫైలు ఎవరికి కనిపించాలి అన్నవి కొనుక్కున్నవారు చూసుకోవాలి. దీన్ని ఉమ్మడి బాధ్యత విధానం అంటారు. ‘పెద్ద కంపెనీ దగ్గర పెట్టాం, ఇక మాకేం భయం’ అనుకోవడం చిన్న వ్యాపారుల్లో తరచు కనిపించే పొరపాటు. బయటపడిన క్లౌడ్ ప్రమాదాల్లో చాలావాటికి మూలం కొనుక్కున్నవారి వైపే ఉంది. అందుకే సలహాదారు వృత్తి పుట్టింది.

ఇక ఇక్కడి పిల్లలు బెంగళూరు బాట పట్టిన కథకు వస్తే, కేజీఎఫ్ గనులను 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం, 1962లో కేంద్రం తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న అది మూతపడింది. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేసిన తమిళ, తెలుగు కుటుంబాల తర్వాతి తరానికి మారికుప్పం నుంచి బంగారపేట మీదుగా బెంగళూరు వెళ్లే తెల్లవారుజాము రైళ్లే బతుకుతెరువయ్యాయి.

మొదటి వారంలో ఏం చూస్తారు

మాలూరులో యంత్ర భాగాలు చేసే ఒక చిన్న యూనిట్ అనుకుందాం. లెక్కలు ట్యాలీలో ఉన్నాయి. ఆ ట్యాలీ ఒక అద్దె విండోస్ సర్వరు మీద నడుస్తోంది. అకౌంటెంటు ఇంటి నుంచి, యజమాని ఫోను నుంచి దాంట్లోకి వెళ్తారు. మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. డ్రాయింగులు ఒక క్లౌడ్ ఫోల్డరులో ఉన్నాయి. ఇదంతా ఎవరు పెట్టారని అడిగితే ‘మా పిల్లోడొకడు ఉండె సార్, ఇప్పుడు బెంగళూరులో చేరినాడు’ అనే సమాధానం వస్తుంది.

సలహాదారు ముందుగా అడిగేది ఆ పిల్లవాడి గురించే. క్లౌడ్ ఖాతాకు అన్నిటికంటే పైన రూట్ ఖాతా ఉంటుంది. అది ఏ మెయిల్ మీద నమోదైందో, దాని ఓటీపీ ఏ ఫోనుకు వెళ్తుందో చూడాలి. వెళ్లిపోయిన ఉద్యోగి సొంత జీమెయిల్ మీద కంపెనీ ఖాతా మొత్తం నిలబడి ఉండడం అరుదేమీ కాదు. అతను మంచివాడే కావచ్చు. కానీ అతని మెయిల్ పోతే ఈ కంపెనీ పోతుంది.

తర్వాత సర్వరు. రిమోట్ డెస్క్‌టాప్ అనే సేవ 3389 నంబరు పోర్టు మీద నడుస్తుంది. ఆ పోర్టు ప్రపంచమంతటికీ తెరిచి ఉంటే, పాస్‌వర్డులు ఊహించి కొట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తలుపు తడుతూనే ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలకు ఇది పాత, నమ్మకమైన దారి. దాన్ని వీపీఎన్ వెనక్కి తేవడం, రెండో ధ్రువీకరణ పెట్టడం ఒక పూట పని. ఆ పూట పనికి యజమానిని ఒప్పించడానికి మాత్రం కొన్నిసార్లు వారం పడుతుంది. ఎందుకంటే, రోజూ ఓటీపీ కొట్టడం చాదస్తమని అకౌంటెంటు అంటారు.

బ్యాకప్ ఉందా అంటే ఉందనే అంటారు. ఎక్కడ అంటే అదే సర్వరులో, డీ డ్రైవులో. సర్వరుతో పాటు అదీ పోతుంది. వేరే ఖాతాలో, చెరపడానికి వీల్లేని విధంగా ఒక ప్రతి ఉండాలి. దాన్ని నిజంగా వెనక్కి తెచ్చి, ట్యాలీ తెరిచి, నిన్నటి ఇన్వాయిసు కనిపించేదాకా బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. మంచి సలహాదారు ఈ పరీక్షను యజమాని ఎదుటే చేయిస్తారు.

మెయిల్ దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి. చిన్న యూనిట్లకు తరచు తగిలే దెబ్బ ఇక్కడి నుంచే వస్తుంది. దొంగ ముందు అకౌంటెంటు మెయిల్లోకి చొరబడతాడు. వెంటనే ఏమీ చేయడు. మెయిల్‌పెట్టెలో ఒక నియమం రాస్తాడు: ‘ఇన్వాయిస్’, ‘పేమెంట్’ అన్న మాటలున్న ఉత్తరాలు ఎవరూ తెరవని ఆరెస్సెస్ ఫీడ్స్ ఫోల్డరులోకి పోవాలని. ఆ ఉత్తరాలు చదువుతూ, పెద్ద బిల్లు వచ్చేరోజు కోసం కాచుకుంటాడు. ఆ రోజు అకౌంటెంటు పేరుతోనే కొనుగోలుదారుకు ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని కొత్త నంబరు పంపుతాడు. కొనుగోలుదారు అనుమానంతో రాసిన జవాబు కూడా ఆ ఫోల్డరులోకే పోతుంది. కాబట్టి సలహాదారు అందరి మెయిల్‌పెట్టెల్లోని నియమాలు తెరిచి చూస్తారు. ఖాతా నంబరు మారిందని ఉత్తరం వస్తే, పాత ఫోను నంబరుకు మాట్లాడి రూఢి చేసుకోకుండా డబ్బు కదలకూడదని ఆఫీసులో కట్టడి పెట్టిస్తారు. ఈ రెండో పనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. నా దృష్టిలో మొత్తం సలహాలో దీని విలువే ఎక్కువ.

చివరగా లాగులు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న నమోదు. అమెజాన్ క్లౌడ్‌లో క్లౌడ్‌ట్రెయిల్ అనే సేవ మామూలుగా గత 90 రోజుల చరిత్రనే చూపిస్తుంది. చట్టం అడిగేది 180 రోజులు. ప్రత్యేకంగా నిల్వ చేసే ఏర్పాటు చేయకపోతే, దొంగతనం జరిగిన నాలుగో నెలలో చూడటానికి ఏమీ మిగలదు.

వేలిముద్రల సంగతి

ఎవరు ఎవరో రుజువు చేసుకోవడం భద్రతలో మొదటి మెట్టు. ఈ విషయంలో కేజీఎఫ్‌కు ఒక పాత అనుభవం ఉంది. 1930లో గని కంపెనీలు కార్మికుల వేలిముద్రలు తీసుకుని నమోదు చేసే పద్ధతి తేబోతే, తమను నేరస్థుల్లా చూస్తున్నారని కార్మికులు సమ్మెకు దిగారు. యాజమాన్యం దృష్టి బంగారం మీద, కార్మికుల దృష్టి తమ మర్యాద మీద ఉంది. ఎందుకు, ఏమిటి అని చెప్పకుండా పైనుంచి రుద్దిన కట్టడికి ఎదురు తిరగడం న్యాయమే.

ఈనాడు పారిశ్రామిక వాడల్లో హాజరు యంత్రం మీద వేలు పెట్టడం మామూలైపోయింది. ఆ యంత్రాల్లో చాలావరకు వివరాలను క్లౌడ్‌కు పంపుతాయి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే మార్చుకోలేం. వేలిముద్రల తాలూకు వివరాలు ఎక్కడున్నాయి, ఏ రూపంలో ఉన్నాయి, మానేసినవారివి చెరిపేస్తున్నారా అని అడగాల్సినవాడు సలహాదారు. ఫీజు ఇచ్చేది యజమానే అయినా, ఈ ప్రశ్న కార్మికుడి తరఫున అడిగినట్టే. ఈ వృత్తిలో ఉన్నవారు దీన్ని తమ పనిలో భాగంగానే భావించాలి.

దెబ్బతిన్నవారి పాఠాలు

వృత్తిలో అందరూ చెప్పుకునే ఉదంతాలు కొన్ని ఉన్నాయి. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ ఖాతాలోకి ఒకరు చొరబడి డబ్బు అడిగారు. కంపెనీ తాళాలు మార్చబోతే, వారు డేటాను, బ్యాకప్‌లను కలిపి చెరిపేశారు. రెండూ ఒకే ఖాతాలో ఉన్నాయి. ఆ కంపెనీ మూతపడింది. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి సుమారు 10 కోట్ల 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. తప్పుగా అమర్చిన ఒక ఫైర్‌వాల్ ద్వారా సర్వరు చేత దాని తాత్కాలిక తాళాలనే బయటపెట్టించి, అవసరానికి మించి ఇచ్చిన అనుమతులతో నిల్వలన్నీ తెరిచారు. బ్యాంకుకు 2020లో 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2024లో స్నోఫ్లేక్ అనే డేటా సేవను వాడే అనేక కంపెనీల ఖాతాలు దొంగిలించిన పాస్‌వర్డులతో తెరుచుకున్నాయి. ఆ ఖాతాలకు రెండో ధ్రువీకరణ లేదు.

మన పల్లెలకు దగ్గరగా వచ్చింది మాత్రం సీ-ఎడ్జ్ ఉదంతం. టీసీఎస్, స్టేట్ బ్యాంకు కలిసి పెట్టిన సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ దేశంలోని అనేక సహకార, గ్రామీణ బ్యాంకులకు సాఫ్ట్‌వేరు నడుపుతుంది. 2024 జులై చివర ఆ సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరగడంతో, చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని తన వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేసింది. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. మర్నాటికి సేవలు తిరిగి మొదలయ్యాయి. సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో సంస్థలో జెంకిన్స్ అనే సాఫ్ట్‌వేరు తయారీ సాధనం నడిచే, సరిగా అమర్చని సర్వరు దగ్గర చొరబాటు మొదలైందని క్లౌడ్‌సెక్ అనే భద్రతా సంస్థ విశ్లేషించింది. పల్లెలో డబ్బు తీసుకోబోయిన రైతుకు జెంకిన్స్ ఏమిటో తెలియనక్కర్లేదు. ఆ బ్యాంకు డైరెక్టర్లకు మాత్రం తమ సాఫ్ట్‌వేరు ఎవరి చేతి మీదుగా ఎవరి చేతికి వెళ్తోందో తెలిసి ఉండాలి. ఆ గొలుసును కాగితం మీద గీసి చూపించడం సలహాదారు పని.

జిల్లాలో ఎవరికి అవసరం

నరసాపురం పారిశ్రామిక వాడలో హోండా మోటార్‌సైకిళ్ల కర్మాగారం ఉంది. ఐఫోన్లు కూర్చే విస్ట్రాన్ కర్మాగారాన్ని 2023లో టాటాలు తీసుకున్నారు. ఇంత పెద్ద సంస్థలకు సొంత భద్రతా బృందాలుంటాయి. వాటికి సరుకు, సేవలు అందించే చిన్న సంస్థలకు ఉండవు. పెద్ద కొనుగోలుదారు ఒకనాడు వందల ప్రశ్నల జాబితా పంపి, ఐఎస్ఓ 27001 అనే సమాచార భద్రతా ధ్రువపత్రం ఉందా అని అడిగినప్పుడు వారికి సలహాదారు గుర్తొస్తారు. జర్మన్ కార్ల కంపెనీలతో వ్యాపారం ఉంటే టిసాక్స్ అనే పరీక్ష కూడా దాటాలి. జవాబులు అందంగా రాసిపెట్టేవారు కొందరున్నారు. నిజంగా పని జరిగితేనే రాసేవారు వేరు. ఆ తేడా ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది.

కేజీఎఫ్‌లో 1960ల నుంచి ఉన్న బీఈఎంఎల్ రక్షణ శాఖ కింది సంస్థ. అలాంటి చోట భద్రతా ఆడిట్ చేయాలంటే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్ల జాబితాలో ఉండాలి. ఒంటరిగా పనిచేసే సలహాదారు నేరుగా ఆ ఆడిట్ చేయలేరు. ఆడిట్‌కు ముందు ఇల్లు చక్కబెట్టుకోవడానికి మాత్రం సాయపడగలరు. వ్యవస్థను రూపొందించినవారే దాన్ని ఆడిట్ చేయకూడదన్నది వృత్తి ధర్మం.

కోలారు టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. శ్రీనివాసపురం మామిడికి పేరు. కర్ణాటకలో వ్యవసాయ మార్కెట్లను కలిపే ఆన్‌లైన్ వేదికను నడపడానికి 2014లో రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యంతో రాష్ట్రీయ ఇ-మార్కెట్ సర్వీసెస్ ఏర్పడింది. మండీ యజమానుల దగ్గర రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. అవి ఫోన్లలో, షీట్లలో, వాట్సాప్ గుంపుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. మండీ యజమాని ఎవరూ క్లౌడ్ సలహాదారును పిలవరు. ఆ మాట వారికి చేరేది ఊళ్లోని కంప్యూటర్ సర్వీసు దుకాణం ద్వారానో, ఆడిటర్ ద్వారానో. జిల్లా స్థాయిలో ఈ వృత్తి నిలదొక్కుకోవాలంటే ఆ ఇద్దరికీ కొంత తర్ఫీదు ఇవ్వడమే దగ్గరి దారి.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. కోలారులో ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట కన్నడం రాసి, బిల్లులు ఇంగ్లీషులో కొట్టే వ్యాపారులు ఎక్కువ. కేజీఎఫ్‌లో వీటికి తమిళం తోడవుతుంది. ఎనభై పేజీల ఇంగ్లీషు నివేదిక వారి బీరువాలోకే పోతుంది. చేయాల్సిన మొదటి ఐదు పనులను వారి మాటలో, వారి ఎదుట కూర్చుని చెప్పగలవారికే ఇక్కడ పని దొరుకుతుంది.

వృత్తిలోకి వచ్చే దారి

కేజీఎఫ్ ఊరగాంలోని డాక్టర్ టి. తిమ్మయ్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, కోలారులోని సి. బైరేగౌడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బెళగావి విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు. డిగ్రీతోనే సలహాదారు కావడం కుదరదు. నెట్‌వర్కు, లినక్స్, ఏదో ఒక క్లౌడ్ మీద కనీసం కొన్నేళ్లు చేత్తో పనిచేసి, అర్ధరాత్రి సర్వరు పడిపోతే లేపిన అనుభవం ఉండాలి. ఆ తర్వాతే పరీక్షలు. క్లౌడ్ సెక్యూరిటీ అలయన్స్ వారి సీసీఎస్‌కే మొదలుపెట్టేవారికి తగినది. ఐఎస్‌సీ2 వారి సీసీఎస్‌పీకి ఐదేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమ తమ క్లౌడ్‌లకు వేరుగా పరీక్షలు పెడతాయి. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆధారంగా నడిచే రాష్ట్ర సైబర్ భద్రతా కేంద్రం సైసెక్, హైదరాబాదు సీ-డాక్ శిక్షణకు పేరున్నవి.

పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. పరిశీలనకు చూసే అనుమతి మాత్రమే ఉన్న ఖాతా తీసుకోవాలి, పని అయ్యాక దాన్ని తీయించాలి. సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీల నుంచి కమిషన్ తీసుకుంటున్నట్టయితే ఆ సంగతి ముందే చెప్పాలి. చెప్పనివారి సలహా నమ్మదగింది కాదు.

చట్టం

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో సమాచారం ఇవ్వాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. చిన్న పరిశ్రమలకు ఇవి ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి వర్తించాయి. ఐటీ పనులను బయటివారికి అప్పగించే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్‌లో, క్లౌడ్ వాడే స్టాక్ మార్కెట్ సంస్థలకు సెబీ అదే ఏడాది మార్చిలో నిబంధనలు ఇచ్చాయి.

వీటన్నిటికంటే ఎక్కువమందిని తాకేది 2023 ఆగస్టు నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. వ్యక్తుల వివరాలకు తగిన రక్షణ కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు, డేటా బయటికి పోయిన సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైనవి 18 నెలల గడువుతో, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి. రోగుల రిపోర్టులను వాట్సాప్‌లో పంపే నర్సింగ్ హోము, పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు యాప్‌లో ఉంచే ప్రైవేటు స్కూలు, కూలీల వేలిముద్రలు దాచే కాంట్రాక్టరు ఈ చట్టం పరిధిలోకే వస్తారు. కోలారు, ముళబాగిలు, బంగారపేట, రాబర్ట్‌సన్‌పేటల్లో ఇలాంటి సంస్థలకు ఆ గడువు లోపల కావాల్సింది మూడు పనులు: ఏ వివరాలు ఎక్కడున్నాయో జాబితా రాసుకోవడం, రూట్ ఖాతాలను యజమాని పేరు మీదికి తెచ్చుకోవడం, ఆరు గంటల్లో ఎవరికి ఫోను చేయాలో గోడ మీద అంటించుకోవడం. ఈ మూడింటికీ పెద్ద ఫీజు ఇచ్చే స్తోమత అక్కర్లేదు. వారాంతంలో ఊరికొచ్చే కేజీఎఫ్ ఇంజినీరు ఒక పూట కూర్చుంటే సరిపోతుంది.